‘ఊరికి పోదాం రా’ అని ఆపరేషన్‌కు తీసుకురావద్దు

ఈ నెల నాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల ఆపరేషన్ల గురించే. వేసవి సెలవుల్లో ఎప్పుడూ ఇంతే. పరీక్షలైపోయాక చేయిద్దామని ఆపుకున్న టాన్సిల్స్, హెర్నియా, చెవి ఆపరేషన్లన్నీ ఏప్రిల్, మే నెలల్లో వచ్చి పడతాయి. నేను కర్నూల్లో ఇరవై రెండేళ్ళుగా మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. అందుకే ఈసారి ఈ శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

మా బాబుకు ఐదేళ్ళు. టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ రెండూ తీయాలన్నారు. వచ్చే వారం కర్నూల్లో ఆపరేషన్. తెల్లకోటు చూస్తే చాలు, నా వెనక దాక్కుంటాడు. మా అత్తమ్మ ‘వానికేం చెప్పొద్దు, కొండారెడ్డి బురుజు చూద్దాం రా అని పిల్చుకోనిపోదాం, ఆడికి పోయినాక డాక్టర్లే చూసుకుంటారు’ అంటోంది. మా ఆయనదీ అదే మాట. నాకు మనసొప్పడం లేదు. చెబితే వారమంతా ఏడుస్తాడేమోనని భయంగానూ ఉంది. ఏం చేయమంటారు డాక్టరమ్మా?
— ఒక తల్లి, ఆదోని

మీ మనసు చెప్పిందే సరైంది తల్లీ. చెప్పండి.

మీ అత్తమ్మ మాటలో ఉన్నది ప్రేమే. మనవడు ముందుగా బెదిరిపోకూడదని ఆమె తాపత్రయం. కానీ ఒక్కసారి పిల్లవాడి వైపు నుంచి చూడండి. బురుజు చూద్దామని సంబరంగా బస్సెక్కాడు. దిగింది ఆసుపత్రి ముందు. పొద్దున్నుంచి తిండి లేదు. చొక్కా విప్పించి, వెనక తాళ్ళున్న గౌను తొడిగారు. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషెవరో వచ్చి ఎత్తుకుపోతుంటే అమ్మ చూస్తూ నిలబడింది. ఇక ఆ తర్వాత అమ్మ ‘ఏం కాదు నాన్నా’ అంటే వాడెందుకు నమ్ముతాడు?

నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, ఒక ఆసుపత్రిలో, ఇలాగే బొమ్మలు కొనిస్తామని చెప్పి తీసుకొచ్చిన నాలుగేళ్ళ పిల్లవాడికి మత్తిచ్చాను. హెర్నియా ఆపరేషన్. వాళ్ళమ్మ ఒళ్ళోంచి లాక్కొచ్చాం. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకరు కాళ్ళు. మత్తు మందు పీల్పించే మాస్కు నా చేతిలో. ఏడ్చేకొద్దీ గాలి ఎక్కువ పీలుస్తారు కాబట్టి తొందరగానే మత్తులోకి పోయాడు. ఆ రోజు పని సులువుగా అయిందనే అనుకున్నాం. ఆపరేషన్ చక్కగా జరిగింది. పది రోజులకు కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ నాతో అంది: ‘మేడం, వీడు చొక్కా తలమీదుగా తొడగనీయడం లేదు. మొహం మీదికి గుడ్డ వస్తే చాలు, ఊపిరాడనట్టు కేకలు పెడతాడు. ఉన్న బనియన్లన్నీ పక్కన పెట్టి గుండీల చొక్కాలు కొన్నా.’ ఏడాది కిందటే మానేసిన పక్క తడిపే అలవాటు మళ్ళీ మొదలైందని కూడా చెప్పింది. పిల్లవాడు గళ్ళ చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుని, అమ్మ కొంగు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. గాయం మానింది. కుట్లలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ గుండీల చొక్కా మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఇది ఆ ఒక్క పిల్లవాడి సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో జీవ్ కేన్ అనే మత్తు వైద్యుడు పిల్లల భయం మీదనే ఏళ్ళ తరబడి పనిచేశాడు. 2006లో ఆయన బృందం టాన్సిల్స్ ఆపరేషన్ చేయించుకున్న 241 మంది పిల్లల గురించి రాసింది. అందరూ 5 నుంచి 12 ఏళ్ళ వాళ్ళే. ఆపరేషన్‌కు ముందు బాగా భయపడిన పిల్లలకే తర్వాత నొప్పి ఎక్కువగా ఉంది, నిద్ర చెడింది, ఇంటికెళ్ళాక బెంగ ఎక్కువైంది. మీ బాబుకు చేసేదీ అదే ఆపరేషన్. అందుకే చెబుతున్నాను, వాడి భయం తగ్గించడం కూడా వైద్యంలో భాగమే.

ఎప్పుడు చెప్పాలంటే, ఐదేళ్ళ వాడికి మూడు నాలుగు రోజుల ముందు చాలు. రెండు మూడేళ్ళ పిల్లలకు ముందురోజు చెప్పాలి, ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు వారం పది రోజుల ముందే చెప్పాలి. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు. పగలు, ఆడుకుంటున్నప్పుడు, పక్కన కూర్చుని చెప్పండి.

మాటలు చూసి వాడండి. మనకు మామూలుగా అనిపించే మాట పిల్లవాడికి వేరేగా వినిపిస్తుంది. ‘గొంతు కోస్తారు’ అంటాం. కోయడమంటే వాడికి తెలిసింది కోడిని కోయడం. ‘కుట్లు వేస్తారు’ అంటే మిషను సూది గుర్తొస్తుంది. ‘గ్యాస్ పెడతారు’ అంటే వంటింట్లో ముట్టుకోవద్దని మీరే రోజూ అరిచే సిలిండర్. ఒక పాప నన్ను ‘అగ్గిపెట్టె యాడుంది?’ అని అడిగింది, అంటే ఎంతసేపటి నుంచి మంట కోసం చూస్తూ ఉందో! ‘మందు పెట్టి పడుకోబెడతారు’ అనడం కూడా మంచిది కాదు. వీధిలో కుక్కకు మందు పెట్టారన్న మాట విన్న పిల్లలుంటారు. అబ్బ నిద్రపోయాడని చెబితే, ఆ అబ్బ మళ్ళీ లేవకపోవడం చూసిన పిల్లలుంటారు. అందుకే నేను ఇలా చెబుతాను: ‘నీ గొంతులో రెండు గడ్డలున్నాయి. నీకు మాటిమాటికీ జ్వరం తెప్పించేవి అవే. వాటిని తీసేసేటప్పుడు నీకు తెలియకుండా ఉండడానికి వేరే రకం నిద్ర తెప్పిస్తాం. రాత్రి పడుకునే నిద్ర కాదు ఇది. పనైపోగానే నేనే లేపుతా. కళ్ళు తెరిచేసరికి అమ్మ ఉంటుంది. గొంతు కొన్ని రోజులు నొప్పి పుడుతుంది, దానికి మందుంది.’ నొప్పి మాట దాచొద్దు. ‘చీమ కుట్టినంతే’ అని మనందరం అంటాం. సూది చీమ కంటే ఎక్కువే నొప్పి పెడుతుంది, వాడికి అది తెలిసిపోతుంది. ‘గట్టిగా గిల్లినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది’ అనండి.

ఇంకొకటి. ఈ వయసు పిల్లలు ఆపరేషన్‌ను శిక్ష అనుకుంటారు. ‘చెల్లిని కొట్టినానని తీసుకుపోతున్నారా?’ అని అడిగిన వాళ్ళను చూశాను. ‘నువ్వేం తప్పు చేయలేదు’ అని మీ నోటితో చెప్పండి. ‘అల్లరి చేస్తే సూదేయిస్తా’ అనే బెదిరింపు ఈ రోజు నుంచి ఇంట్లో ఎవరూ అనకూడదు. పిల్లవాడు తెల్లకోటు చూసి దాక్కోవడం ఆ మాటతోనే మొదలవుతుంది.

ఆపరేషన్‌కు ముందు మత్తు ఫిట్‌నెస్‌కు, అంటే మత్తు తట్టుకోగలడా అని చూసే పరీక్షకు వెళ్ళినప్పుడు చిన్న మాస్కు ఒకటి ఇవ్వగలరా అని అడిగి తెచ్చుకోండి. ఇంట్లో మీ అత్తమ్మను పేషెంటుగా కూర్చోబెట్టండి. బాబు డాక్టరు. వాళ్ళ అవ్వకు వాడే మాస్కు పెట్టాలి, ‘ఊది ఊది పీల్చు’ అని చెప్పాలి, లేపాలి. రోజుకు రెండుసార్లు ఆడినా, ఆ రోజుకు ఆ మాస్కు వాడి వస్తువైపోతుంది. దాచిపెడదామన్న అవ్వకూ చేతినిండా పని దొరుకుతుంది.

మా దగ్గర పిల్లలు ఆగే గదిలో, కిటికీకి నిమ్మలకుంట నుంచి తెచ్చిన తోలుబొమ్మ నెమలిని కట్టాను. పొద్దున ఎండ దాని వెనక నుంచి పడితే ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఎదురుగోడ మీద పడతాయి. ఆ రంగు మీద చేయి పెట్టమంటాను. చెయ్యి ఎర్రగా అవుతుంది. పిల్లలు నవ్వుతారు. నేను మాస్కు బయటికి తీసేది అప్పుడే. లోపలి అంచుకు ఒక చుక్క వెనిలా ఎసెన్స్ రాసి, ‘ఏం వాసన?’ అని అడుగుతాను. ‘కేకు’ అంటారు. మాస్కు గొట్టానికి రబ్బరు సంచి ఒకటి ఉంటుంది, ఊపిరి వదిలితే ఉబ్బుతుంది, పీలిస్తే తగ్గుతుంది. ‘ఈ బుడగ నువ్వే ఊదాలి, ఎంత పెద్దదవుతుందో చూద్దాం’ అంటే చాలు. నాలుగైదు ఊపిర్లు ఉత్త ఆక్సిజన్ పీల్చాకే మెల్లగా మందు కలుపుతాను.

మిమ్మల్ని లోపలికి రానిస్తారా అనేది ఆసుపత్రి నియమాన్ని బట్టి ఉంటుంది, అడగండి. రానిస్తే ముందే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. మత్తెక్కేటప్పుడు బాబు కళ్ళు పైకి తిరగొచ్చు, చేతులు కాళ్ళు కదిలించొచ్చు, గుర్రు పెట్టొచ్చు. ఒక నిమిషం అలా ఉంటుంది, అది మామూలే, వాడికి ఏమీ గుర్తుండదు. మీరు కేక పెట్టకుండా చెవి దగ్గర మాట్లాడుతూ ఉండగలిగితేనే రండి. తల్లి వణికిపోతే పిల్లవాడు ఇంకా బెదురుతాడు. మీకు ధైర్యం చాలకపోతే మీ ఆయన్నో, ఇంట్లో నిబ్బరంగా ఉండేవాళ్ళనో పంపండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇవన్నీ చేసినా కొందరు పిల్లలు వణుకుతూనే ఉంటారు. వాళ్ళకు మిడజోలం అనే మందు ఉంది. నోటి ద్వారా గానీ ముక్కులో చుక్కలుగా గానీ ఇస్తే పదిహేను నిమిషాల నుంచి అరగంటలో బెదురు తగ్గుతుంది. చేదుగా ఉంటుంది, ఆ సంగతీ ముందే చెప్పాలి. సూది పెట్టే చోట తిమ్మిరెక్కించే పూత మందు కూడా ఉంది. గంట ముందు రాసి, పైన ప్లాస్టిక్ పట్టీ వేస్తే పొడిచినప్పుడు నొప్పి బాగా తగ్గుతుంది. గంట ముందు అన్న మాట మరిచిపోకండి. పదినిమిషాల ముందు రాస్తే పనిచేయదు.

వెండి మొలతాడు, గొలుసు, చెవి కమ్మలు ఇంటి దగ్గరే తీసేయండి. ఆపరేషన్లో రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదం ఉంది. థియేటర్ గుమ్మంలో సిస్టర్ కత్తెర తెచ్చి మొలతాడు కత్తిరిస్తే, అప్పటిదాకా బాగున్న పిల్లవాడు కూడా గుక్కపట్టి ఏడుస్తాడు. ఊగే పన్ను ఉంటే మాకు చెప్పండి. ముందురోజు జ్వరం గానీ కఫంతో దగ్గు గానీ ఉంటే ఫోన్ చేయండి. రెండు మూడు వారాలు వాయిదా పడితే నష్టం లేదు.

మా పాపకు రెండేళ్ళు. హెర్నియా ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ ఇవ్వొద్దన్నారు. ఆపరేషన్ మధ్యాహ్నం పన్నెండుకు. అంతసేపు పాలు లేకుండా ఎలా ఉంటుంది మేడం? రెండు బిస్కెట్లు పెడితే ఏమవుతుంది?
— ఒక తండ్రి, తాడిపత్రి

బిస్కెట్టు పెట్టొద్దు తమ్ముడూ. మత్తులో గొంతు కూడా నిద్రపోతుంది. మామూలప్పుడైతే ఏదైనా పొలమారితే దగ్గుతాం, మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికి వచ్చే విషయం అది.

అలాగని రాత్రి నుంచి పన్నెండు దాకా నోరు ఎండగట్టాల్సిన పని కూడా లేదు. చాలా చోట్ల పాటించే లెక్క ఇది: ఇడ్లీ, బిస్కెట్టు లాంటి తేలికపాటి తిండికీ, ఆవు పాలు, గేదె పాలు, డబ్బా పాలకూ 6 గంటలు. తల్లిపాలకు 4 గంటలు. నీళ్ళకు 2 గంటలు. బజ్జీ, మాంసం లాంటివాటికి 8 గంటలు. ఐరోపా మత్తు వైద్యుల సంఘం 2022లో పిల్లలకు నీళ్ళు గంట ముందు వరకు ఇవ్వొచ్చని కూడా చెప్పింది. నీళ్ళంటే మంచినీళ్ళు, చక్కెర నీళ్ళు, కొబ్బరినీళ్ళు, గుజ్జు లేని ఆపిల్ రసం. మజ్జిగ, రాగి జావ నీళ్ళ కింద లెక్క కాదు, అవి తిండే.

కాబట్టి మీ మత్తు డాక్టరును రెండు సంగతులు అడగండి. ‘పన్నెండుకైతే పొద్దున ఆరు లోపల పాలు, పదింటి దాకా చక్కెర నీళ్ళు ఇవ్వొచ్చా?’ అనేది ఒకటి. ‘చిన్నపిల్ల కదా, మొదటి కేసుగా పెట్టగలరా?’ అనేది రెండోది. ఆయన చెప్పిన టైమే పాటించండి, నేను రాసింది కాదు, పాపను చూసేది ఆయన. ఆకలితో ఏడ్చే పిల్లకు భయం కూడా తోడైతే ఎవరు సముదాయించినా ఆగదు.

ఇంట్లో పెద్దవాళ్ళు తెలియక ఒక ముక్క పెట్టేశారనుకోండి, దాచొద్దు, తిడతారని భయపడొద్దు. మేము ఆపరేషన్‌ను కొన్ని గంటలు ఆలస్యంగా చేస్తాం, అంతే. ఆ పాపతో తినే ఇతర పిల్లలు ఉంటే, ఆ పొద్దున ఆమె ముందు ఉగ్గాని గిన్నె పెట్టుకుని కూర్చోనీయకండి.

మా మనవరాలికి మూడేళ్ళు. ఆపరేషనై బయటికి తెచ్చినాక కండ్లు తెరిచే ఉన్నాది గానీ వాళ్ళమ్మను గుర్తుపట్టలేదు. తన్నింది, చేతికున్న సెలైను పీక్కుంది. అరగంట అట్లే. మళ్ళీ నిద్రపోయి లేచినాక మామూలైంది. గాలి సోకిందేమోనని కడప పెద్ద దర్గాకు పిల్చుకోనిపోయినాము. నాకు ఇంకా గుండెదడే.
— ఒక అవ్వ, ప్రొద్దుటూరు

అవ్వా, దర్గాకు పోయినందుకు మీకు మనశ్శాంతి దొరికితే మంచిదే. కానీ పాపకు గాలీ ధూళీ ఏం సోకలేదు. మత్తు వదిలేటప్పుడు మెదడంతా ఒకేసారి మేలుకోదు. కళ్ళు తెరుచుకుంటాయి, కాళ్ళు చేతులు ఆడతాయి, మనుషుల్ని గుర్తుపట్టే తెలివి కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ, వాసనతో ఇచ్చే మత్తు తర్వాత ఇంకా ఎక్కువ. పది నిమిషాల నుంచి అరగంటలో దానంతటదే తగ్గుతుంది. పాపకు అది గుర్తు కూడా ఉండదు. ఆ సమయంలో గట్టిగా పిలిచి ‘నేను అమ్మనే, చూడు’ అని కుదిపేకంటే, వెలుతురు తగ్గించి, పడిపోకుండా పట్టుకుని, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడాలి. ఇలా అవ్వొచ్చని ముందే మీకు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పు, మీది కాదు.

మత్తు ఇస్తే పిల్లలకు తెలివితేటలు తగ్గుతాయా? ఏడాది బాబుకు గంట లోపు ఆపరేషన్ ఉంది.
— ఒక తండ్రి, ధర్మవరం

ఒక్కసారి, గంట లోపు మత్తుకు భయపడాల్సిన పనిలేదు. పుట్టిన కొద్ది నెలలకే హెర్నియా ఆపరేషన్ అయిన 722 మంది పిల్లలతో ఏడు దేశాల్లో ఒక పరిశోధన మొదలుపెట్టి, వాళ్ళలో చాలామందిని ఐదేళ్ళ వయసులో పరీక్షించారు. పూర్తి మత్తు ఇచ్చినవాళ్ళకూ, నడుము దగ్గర మాత్రమే తిమ్మిరి ఇచ్చినవాళ్ళకూ తెలివిలో తేడా లేదని 2019లో తేల్చారు. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలు దాటిన మత్తు, లేదా పదే పదే ఇచ్చే మత్తు విషయంలో ఆలోచించి నిర్ణయించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. మీ బాబు ఆ లెక్కలోకి రాడు.

మేడం, నాకు పదమూడేళ్ళు. చెవి పొరకు చిల్లుంది, ఆపరేషన్ చేస్తారు. అమ్మకు తెలియకుండా రాస్తున్నాను. మధ్యలో మెలకువ వస్తే? నేను లేవకపోతే? అక్కడ మగవాళ్ళు ఉంటారా, బట్టలు తీసేస్తారా? జుట్టు గొరిగేస్తారా? నాకు జడలంటే చాలా ఇష్టం.
— తొమ్మిదో తరగతి, కడప

బంగారుతల్లీ, ఇంత సూటిగా నన్ను పెద్దవాళ్ళు కూడా అడగరు. వరసగా చెబుతాను.

మత్తిచ్చి వెళ్ళిపోతామని చాలామంది అనుకుంటారు. అలా వెళ్ళం. ఆపరేషన్ అయినంతసేపూ మత్తు డాక్టరు నీ తల దగ్గరే ఉంటారు. నీ గుండె కొట్టుకోవడం, బీపీ, ఊపిరి, వేలికి పెట్టిన క్లిప్పుతో ఆక్సిజన్, అన్నీ తెర మీద కనిపిస్తూ ఉంటాయి. మందు కూడా అంతసేపూ కొద్దికొద్దిగా అందుతూనే ఉంటుంది. మధ్యలో మెలకువ రావడం చాలా చాలా అరుదు. ఇక లేవకపోతే అన్న భయం. ప్రమాదం బొత్తిగా లేదని నీకు అబద్ధం చెప్పను. నీలాంటి ఆరోగ్యమైన పిల్లకు చెవి ఆపరేషన్‌లో అది అతి తక్కువ. మందు ఆపితే మెలకువ వస్తుంది, నీ పేరు పెట్టి పిలిచి లేపుతారు.

బట్టల సంగతి నువ్వు అడగడం చాలా మంచిదైంది. గౌను ఇస్తారు. చెవి ఆపరేషన్‌కు లోదుస్తులు తీయాల్సిన అవసరం మామూలుగా ఉండదు. గౌను మార్చుకునేటప్పుడు ఆడ సిస్టర్ ఉండాలని అడిగే హక్కు నీకుంది, సిగ్గుపడకు. థియేటర్లో మగ డాక్టర్లు ఉండొచ్చు, కానీ చెవి తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటితో కప్పి ఉంటుంది. ఆ రోజు నెలసరి వస్తే ఆపరేషన్ ఆగదు, సిస్టర్‌తో ఒక మాట చెప్పు, ప్యాడ్ ఉంచుకోనిస్తారు.

ఈ ఉత్తరం అమ్మకు చూపించు. ఆమె కూడా ఇవే ప్రశ్నలు నీకు తెలియకుండా మనసులో పెట్టుకుని ఉంటుంది. ఫిట్‌నెస్ రోజు ఇద్దరూ కలిసి డాక్టరును అడగండి.

జడలు వేసుకోవచ్చు. ముందురోజు తలంటుకుని, నూనె రాయకుండా, వదులుగా రెండు జడలు, రిబ్బను గుడ్డదే. ఇనుప క్లిప్పులు, పిన్నులు వద్దు. చెవి వెనకాల ఒక వేలెడు మేర మాత్రం వెంట్రుకలు తీస్తారేమో, అది పైనున్న జడ కిందికి వచ్చేస్తుంది, బడి తెరిచేసరికి ఎవరికీ కనిపించదు.